రొట్టెపై పూత, రక్తానికి ఊత

మార్మైట్ అనే పదార్థాన్ని మొదటిసారి రుచి చూచినప్పుడు, జాడీ అడుగున మిగిలిన పాత ఊరగాయ ఊటలో ఎవరో తారు కలిపారేమో అనుకున్నాను. నల్లగా, జిగటగా, నోరు పొక్కేంత ఉప్పగా ఉంటుంది. ఇంగ్లీషువారు దీన్ని వెన్న రాసిన రొట్టెపై పలుచగా పూసుకుంటారు. బీరు పులిసిన పీపాలలో మిగిలే ఈస్టు మడ్డి దీనికి ముడిసరుకు. 1902లో దీని కంపెనీ బర్టన్ పట్టణంలో, బీరు బట్టీల చెంతనే వెలసింది.

ఇటువంటి వస్తువుకు చరిత్ర ఏమిటని మీరు అడుగవచ్చు. ఆ చరిత్ర బొంబాయిలో జరిగింది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు అక్కడికి వచ్చారు. బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు గర్భిణులుగా ఉండగా తీవ్రమైన రక్తహీనతకు లోనై, ప్రాణాలు కోల్పోతున్నారు. వారి ఎర్రకణాలు సంఖ్యలో తక్కువ, పరిమాణంలో అసాధారణంగా పెద్దవి. క్రిములు కారణమేమో అని వెదకి, కాదని తేల్చుకొని, విల్స్ వారి కంచాల వైపు చూచారు. కూరగాయలు, పండ్లు, మాంసకృత్తులు నామమాత్రం. అదే తిండి ఎలుకలకు పెడితే వాటికీ రక్తహీనత వచ్చింది. ఈస్టు చేర్చితే రాలేదు. (ఆ ఎలుకల జబ్బులో పేల ద్వారా సోకిన క్రిమికీ పాత్ర ఉన్నదని తరువాత బయటపడింది. అయినా దారి తప్పలేదు!) పిమ్మట కోతులు, రోగులు. ఖరీదైన కాలేయసారానికి బదులు చవకైన మార్మైట్ ఇవ్వగా ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించారు.

బాగా శుద్ధిచేసిన కాలేయసారం ఈ రోగులకు పనిచేయలేదని, ముడిసారమూ మార్మైటూ పనిచేశాయని ఆమె ఆ తరువాత చూపారు. అంటే రెండింటిలోనూ అప్పటికి పేరులేని పదార్థమేదో ఉన్నదన్నమాట. దానినే 'విల్స్ ఫాక్టర్' అన్నారు. 1941లో పాలకూర నుండి వేరుచేసినవారు, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు.

ఇక్కడ మనవారొకరు ప్రవేశిస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ వ్యాధికి అది మందైంది. ఆయన సోదరులిద్దరిని కబళించినది ఆ వ్యాధే. సుబ్బారావుగారి కథ చెప్పేటప్పుడు మనం ఆ మిల్లు స్త్రీలను తలవకపోవడం నాకు వెలితిగా తోస్తుంది.

నేడు మన ఆరోగ్యకేంద్రాలలో గర్భిణులకిచ్చే మాత్రలో ఇనుముతోబాటు ఉండేది ఈ ఆమ్లమే. మా వంటింటి మార్మైట్ సీసా మాత్రం ఇంకా సగమైనా కాలేదు.