జూదశాల ఎవరిది?

సభాపర్వం పాఠం చెప్పినప్పుడల్లా ధర్మరాజు వ్యసనాన్ని దుయ్యబడతాం. ఆ సభ కట్టించినవాడి జోలికి పోము. మన కథకులూ అంతే. పేకాటలో పోయిన పుస్తెలు చూపిస్తారు గాని క్లబ్బు యజమాని లెక్కపుస్తకం విప్పరు. అందుకే జూదశాలల చరిత్రను సాహిత్య విద్యార్థులు చదవాలంటాను.

కాసినో అంటే ఇటాలియన్ భాషలో చిన్న ఇల్లు. అయితే 1638లో వెనిస్ పాలకవర్గం తన అనుమతితో తెరిపించిన 'రిదొత్తో' చిన్నదేమీ కాదు, ఒక ప్రభువు భవనంలోని భాగం. పేరుకు అందరికీ ప్రవేశం. కాని ముఖానికి ముసుగు, తలకు మూడు మూలల టోపీ ఉండాలి. పందెం కాసే స్తోమతు సంగతి సరేసరి! లోపల బాసెట్ అనే పేకాట. దాని నియమాలే బ్యాంకు వైపు మొగ్గి ఉండేవి. బ్యాంకు పట్టే హక్కు కులీనులకే దక్కింది. వాళ్ళు ముసుగు లేకుండా, అధికార దుస్తుల్లో కూర్చునేవారు. ఆస్తులు చితికి, బిరుదులు మాత్రం మిగిలిన ప్రభువంశీకులకు అదొక జీవనోపాధి. ఓడేవాడు ముఖం దాచుకోవాలి, గెలిచే వర్గానికి ఆ అవసరం లేదు. 1774లో అదే పాలకవర్గం దాన్ని మూయించింది. జూదం ప్రైవేటు ఇళ్ళకు తరలింది.

మొనాకో కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1863లో ఫ్రాంస్వా బ్లాంక్ అక్కడి కాసినోను చేపట్టాడు. 1869లో ప్రజలకు ప్రత్యక్ష పన్నులు తీసేశారు. సొంత పౌరులు మాత్రం ఆ బల్లల దగ్గర ఆడకూడదు!

జర్మన్ జూదశాలల్లో డబ్బు పోగొట్టుకున్న దొస్తోయెవ్‌స్కీ 1866లో 'జూదరి' నవల రాశాడు. అందులోని ఊరికి ఆయన పెట్టిన పేరు రూలెటెన్‌బర్గ్.