క్రీస్తు పాపరహిత జీవితం

యేసుక్రీస్తు నిజమైన మనిషిగా పుట్టి, ఆకలిదప్పులు, అలసట, కన్నీళ్లు, శోధన, మరణం అన్నీ అనుభవించి కూడా ఒక్క పాపమైనా చేయలేదన్నది క్రైస్తవ విశ్వాసానికి మూలస్తంభం. ఎన్నో విషయాల్లో విడిపోయిన కేథలిక్కులు, ఆర్థడాక్సు సంఘాలు, ప్రొటెస్టెంట్లు దీని దగ్గర మాత్రం ఒక్కటే. ఆయన పాపం చేయలేదనడంపై సంఘంలో పెద్ద తగవు రాలేదు. పాపం లేనివాడు మనలాంటి మనిషి ఎలా అవుతాడన్న చోటే శతాబ్దాల పాటు వాదం నడిచింది.

ఈ మాట పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది; ఆ పత్రిక క్రీ.శ. 55 ప్రాంతానిది. అంటే సిలువ మరణం జరిగిన పాతికేళ్లకే ఈ నమ్మకం అక్షరాల్లోకి ఎక్కింది. పేతురు పేరిట ఉన్న మొదటి పత్రిక దీన్ని యెషయా చెప్పిన బాధామూర్తి అయిన సేవకుడితో ముడిపెట్టింది. హెబ్రీ పత్రిక, మన బలహీనతలు ఎరిగిన ప్రధాన యాజకుడిగా ఆయన్ని చూపింది. పస్కా పండుగకు మచ్చలేని గొర్రెపిల్లనే ఎంచాలన్న ధర్మశాస్త్ర నియమం ఈ మాటల వెనుక ఉంది.

చిక్కు కూడా ఆ తొలినాళ్లలోనే మొదలైంది. యొర్దాను నదిలో యోహాను ఇచ్చే బాప్తిస్మం పాపాలు ఒప్పుకొని మారుమనస్సు పొందేవారికి. మరి పాపమే లేనివాడు ఆ నీళ్లలోకి ఎందుకు దిగాలి? మార్కు ఆ ఘట్టాన్ని వివరణేమీ లేకుండా చెప్పేశాడు. మత్తయి సువార్తలో మాత్రం, నీ చేత నేను పొందవలసింది పోయి నువ్వు నా దగ్గరికి రావడమేమిటన్నట్టు యోహాను వెనుకాడతాడు. తొలి తరాల విశ్వాసులకే ఈ ప్రశ్న తగిలిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగో శతాబ్దంలో సిరియాలోని లవొదికయ బిషప్పు అపొల్లినారిస్, పాపం లేనివాడు మనిషెలా అవుతాడన్న చిక్కుకు తేలిక దారి వెతికాడు. మనిషి మనసు చంచలమైనది, చెడు తలపులకు లొంగేది కాబట్టి క్రీస్తులో దాని స్థానాన్ని దేవుని వాక్యమే తీసుకుందన్నాడు. పాపం బెడద తీరింది గాని మనిషిలో సగం పోయింది. క్రీస్తు ధరించని మానవ భాగానికి స్వస్థత ఎక్కడిదని నజియాన్జుకు చెందిన వేదాంతి గ్రెగరీ అడిగాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ అపొల్లినారిస్ బోధను తోసిపుచ్చింది. 451లో కల్సెదోను సభ, పాపం తప్ప అన్నిటా ఆయన మనవంటివాడేనని తేల్చింది.

ఏడో శతాబ్దంలో వాదం గెత్సేమనే తోటకు చేరింది. సిలువకు ముందు రాత్రి యేసు అక్కడ సాగిలపడి, ఈ గిన్నె తొలగిపోతే బాగుండునని ప్రార్థించాడు. లూకా సువార్తలో చెమట రక్తపు బిందువుల్లా నేలపై పడుతుంది. క్రీస్తులో ఉన్నది ఒకే చిత్తం, అది దైవ చిత్తమేనంటే ఈ పెనుగులాట ఎవరిది? మాక్సిమస్ అనే సన్యాసి పట్టుకున్న ప్రశ్న ఇదే. మరణానికి జంకడం మానవ స్వభావం, పాపం కాదు. జంకుతూనే తండ్రి చిత్తానికి తలవంచిన మానవ చిత్తం అక్కడ ఉందన్నాడు. చక్రవర్తికి ఈ మాట రుచించలేదు. 662లో మాక్సిమస్ నాలుకను, కుడిచేతిని నరికించి నల్లసముద్రపు తూర్పు తీరానికి వెళ్లగొట్టారు. ఆ ఏడే ఆయన చనిపోయాడు. 680–681లో మూడో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ క్రీస్తుకు రెండు చిత్తాలున్నాయని ప్రకటించింది. ఈ సిద్ధాంత చరిత్రలో గుండెను పట్టేసే ఘట్టం మాక్సిమస్ కథేనని చెప్పాలి.

పడమటి సంఘంలో ప్రశ్న మరో తీరుగా సాగింది. ఆయన పాపం చేయగలిగి చేయలేదా, అసలు చేయజాలడా? రెండో మాటవైపే ఎక్కువమంది వేదాంతులు మొగ్గారు. అలాగైతే అరణ్యంలో నలభై రోజుల శోధనకు అర్థమేమిటన్న సందేహం మాత్రం పోలేదు. స్కాట్లండ్ బోధకుడు ఎడ్వర్డ్ ఇర్వింగ్, క్రీస్తు తీసుకున్నది పతనమైన మన శరీరాన్నే, పరిశుద్ధాత్మ శక్తితో దాన్ని పాపం లేకుండా నిలబెట్టుకున్నాడని బోధించాడు. 1833లో ఆయన సొంతూరు అన్నన్‌లోనే సంఘ పెద్దలు ఆయన్ని పాదిరి పదవి నుంచి తొలగించారు. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశాడు. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతి కార్ల్ బార్త్ దాదాపు అదే మాటను మళ్లీ బలంగా వినిపించాడు.

తెలుగు సంఘాల్లో ఈ విశ్వాసం శుభ శుక్రవారం నాడు బాగా వినిపిస్తుంది. ఆ మధ్యాహ్నం సిలువపై పలికిన ఏడు మాటలను ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా ధ్యానిస్తారు. మొదటి మాట, సిలువ వేసినవారి కోసం అడిగిన క్షమాపణ. తన కోసం క్షమాపణ అడిగిన మాట ఆ ఏడింటిలో ఒక్కటీ లేదు. రెండో మాట పక్క సిలువ మీది దొంగకు ఇచ్చిన జవాబు. మేము చేసినదానికి అనుభవిస్తున్నాం, ఈయన మాత్రం ఏ తప్పూ చేయలేదని ఆ దొంగ అంతకు కాస్త ముందే సాక్ష్యం చెప్పి ఉన్నాడు.