తలకు తగిలిన దెబ్బ: క్రీడాకారిణుల ఆరోగ్య చరిత్రలో 95 ఏళ్ల ఆలస్యం

ఆడవాళ్లు మైదానంలోకి ఎలా వచ్చారో చాలామంది రాశారు. ఆట మానేశాక వాళ్ల ఆరోగ్యం ఏమైందో రాసినవాళ్లు తక్కువ. బాక్సింగ్, రగ్బీ, ఫుట్‌బాల్, మన కబడ్డీ లాంటి ఆటల్లో ఒంటికి ఒళ్లు తగులుతుంది, ఒక్కోసారి తలకూ దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ గురించి వైద్యలోకం ఏం తెలుసుకుంది, ఎవరిని చూసి తెలుసుకుంది అన్నది మన యువతకు తెలియాల్సిన చరిత్ర.

1928లో అమెరికాలోని న్యూజెర్సీ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ ఒక వ్యాసం రాశాడు. ఏళ్ల తరబడి తలకు దెబ్బలు తిన్న బాక్సర్లలో కొందరికి నడక తూలుతోందని, మాట తడబడుతోందని, బుద్ధి మందగిస్తోందని అందులో వివరించాడు. 2002లో పిట్స్‌బర్గ్‌లో బెన్నెట్ ఒమాలు అనే నైజీరియా వైద్యుడు, చనిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును పరీక్షించాడు. అందులో టావ్ అనే ప్రొటీన్ అసహజంగా పేరుకుని కనిపించింది. ఈ జబ్బును క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, పొట్టిగా సీటీఈ అంటారు. మనిషి బతికుండగా దీన్ని కచ్చితంగా నిర్ధారించే పరీక్ష ఇంకా లేదు. మరణించాక మెదడును పరీక్షించి తేల్చాల్సిందే.

ఈ పరిశోధనంతా మగవాళ్ల చుట్టూనే తిరిగింది. ఆడవాళ్లను ఆటకే దూరంగా ఉంచడం దీనికి ఒక కారణం. 1920 డిసెంబరు 26న ఇంగ్లాండ్‌లోని లివర్‌పూల్‌లో డిక్, కెర్ ఫ్యాక్టరీ మహిళల జట్టు ఫుట్‌బాల్ ఆడితే దాదాపు 53 వేల మంది చూడవచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ తన మైదానాల్లో వాళ్లు ఆడకుండా నిషేధించింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు సాగింది. శరీరానికి మంచిది కాదని మాట వరసకు అన్నారు గానీ, ఆ శరీరాన్ని పరిశీలించిందెవరు?

1990లో మరో సంగతి బయటపడింది. భర్త చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఒక స్త్రీ మెదడులో, బాక్సర్ల మెదడులో కనిపించిన మార్పులే ఉన్నాయని ఇంగ్లాండ్ వైద్యులు లాన్సెట్ పత్రికలో రాశారు. దెబ్బ రింగులో తగిలినా ఇంట్లో తగిలినా మెదడుకు ఒకటే. మన పల్లెల్లో ఆడా మగా అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది.

ఒలింపిక్స్‌లో మగవాళ్ల బాక్సింగ్ 1904లో మొదలైతే, మహిళల బాక్సింగ్‌కు చోటు దొరికింది 2012లో, లండన్‌లో. అక్కడ మణిపూర్‌కు చెందిన కోమ్ తెగ ఆడబిడ్డ మేరీ కోమ్ కాంస్యం గెలిచింది. పదేళ్ల తర్వాత మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయింది. తలుపులు తెరుచుకున్నాయి. పరిశోధన మాత్రం వెనకే నడిచింది. 2019లో గ్లాస్గో పరిశోధకులు 7,676 మంది స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ల వివరాలు పరిశీలించారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే వాళ్లకు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. వాళ్లంతా మగవాళ్లే.

ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మహిళా జాతీయ లీగ్ 2017లో మొదలైంది. తొలి ఏడాది కప్పు గెలిచిన అడిలైడ్ జట్టులో హెదర్ ఆండర్సన్ ఆడింది. ఆమె సైన్యంలో వైద్య సహాయకురాలు కూడా. చూపు సరిగా లేని తల్లి మైదానంలో తనను గుర్తుపట్టేలా ముదురు గులాబీ రంగు హెల్మెట్ పెట్టుకునేది. అలాంటి మెత్తటి హెల్మెట్ చర్మం చిట్లకుండా కాస్త కాపాడుతుంది గానీ, పుర్రె లోపల మెదడు అదరకుండా ఆపలేదు. 2022 నవంబరులో, 28 ఏళ్లకే హెదర్ మరణించింది. కుటుంబం ఆమె మెదడును పరిశోధనకు దానం చేసింది. 2023లో అందులో సీటీఈ ఉందని తేలింది. ఈ జబ్బు నిర్ధారణ అయిన తొలి ప్రొఫెషనల్ క్రీడాకారిణి ఆమే. మార్ట్‌లాండ్ రాసిన 95 ఏళ్లకు!

దీన్నిబట్టి ఆడేవాళ్లందరికీ ఈ జబ్బు వస్తుందని కాదు. అయితే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో తల అదిరే గాయం, అంటే కంకషన్, అబ్బాయిల కంటే అమ్మాయిల్లోనే ఎక్కువగా నమోదవుతోందని అమెరికా అధ్యయనాలు చెబుతున్నాయి. మెడ కండరాల బలంలో తేడా ఒక కారణం కావచ్చంటారు.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఆట మానేయమని నేను చెప్పను. మన పిల్లలకు చదువు, ఉద్యోగం, పేరు తెచ్చిపెట్టిన దారుల్లో ఆట ఒకటి. కానీ జట్టులో చోటు పోతుందని తలనొప్పి దాచుకోకండి. తలకు దెబ్బ తగిలాక కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, అడిగిన మాటకు జవాబు తోచకపోయినా ఆ రోజు ఆట ఆగాల్సిందే. పీఈటీ సారుకు, ఏఎన్ఎం అక్కకు చెప్పండి, డాక్టరుకు చూపించండి. ఆస్ట్రేలియాలో 2024 నుంచి పిల్లలకు, స్థానిక జట్ల ఆటగాళ్లకు ఇచ్చిన సూచన ప్రకారం, కంకషన్ తర్వాత కనీసం 21 రోజులు గడిచాకే మళ్లీ పోటీలో దిగాలి.

హాస్టల్ సిక్ రిజిస్టరులో జ్వరం, విరేచనాలు రాసినట్టే, తలకు తగిలిన దెబ్బనూ తేదీతో సహా రాయించండి. క్రీడాకారిణుల విషయంలో 95 ఏళ్లు జరగనిది ఆ నమోదే. రేపు మీరు ఆట మానేసిన ఇరవై ఏళ్లకు ఏ డాక్టరైనా అడిగితే, చూపించడానికి ఒక కాగితమైనా ఉండాలి.