బస్సెక్కకుండానే తిప్పించే మందు

కదలకుండా కూర్చున్న మనిషికి సైతం, బస్సు పడనివాళ్లు పడే అవస్థంతా తెప్పించగల మందు ఫైసోస్టిగ్మిన్. దీని పుట్టిల్లు నైజీరియాలోని కాలబార్ ప్రాంతంలో దొరికే ఒక గింజ. అక్కడ నేరం చేశాడని నింద పడ్డవాడి చేత ఆ గింజ రసం తాగించేవారు. కక్కి బతికితే నిర్దోషి, చస్తే దోషి. 1855లో ఎడిన్‌బరో వైద్యాచార్యుడు రాబర్ట్ క్రిస్టిసన్ దాని సంగతేమిటో చూద్దామని తానే ఒక ముక్క తిన్నాడు. ఒళ్లు తూలి, నాడి తప్పుతుంటే, గడ్డం గీసుకున్న సబ్బునీళ్లు తాగి వాంతి చేసుకుని బయటపడ్డాడు. తొమ్మిదేళ్లకు జాబ్స్ట్, హెస్సె అనే జర్మన్ రసాయనవేత్తలు అందులోని అసలు సరుకును విడదీశారు.

అది పనిచేసే తీరు 1926లో తేలింది. నరాల కొసల్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కబురు మోస్తుంది. కబురు అందగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని తుంచేస్తుంది. ఫైసోస్టిగ్మిన్ ఆ ఎంజైమును పట్టి ఆపుతుందని ఒట్టో లోవీ, నావ్రాటిల్ అనే శాస్త్రవేత్తలు చూపారు. ఎసిటైల్‌కోలిన్ తరగక పేరుకుపోతుంది.

ప్రయాణపు వాంతులతో దీనికి లంకె కుదిరింది ఎదురు దిక్కు నుంచి. ఉమ్మెత్తలో ఉండే స్కోపొలమిన్ ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఓడలెక్కిన సైనికులకు వాంతులు రాకుండా ఇచ్చింది దాన్నే. అడ్డుకుంటే తగ్గేది, పెంచితే రావాలి కదా. 1984లో మనోవైద్యుడు డేవిడ్ జనోవ్‌స్కీ బృందం ప్రచురించిన పరిశోధన ఈ లెక్కనే సరిచూసింది. ఉన్మాదం ముదిరిన రోగులపై ఫైసోస్టిగ్మిన్ ప్రభావాన్ని ఆయన అంతకు పదేళ్ల ముందే పరిశీలించి ఉన్నారు. 1984 పరిశోధనలో పాల్గొన్నవారి నరంలోకి ఆ మందు ఎక్కించగానే వికారం, వాంతి, చెమటలు, మొహం పాలిపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం వరసగా వచ్చాయి. అదే కుటుంబపు నియోస్టిగ్మిన్‌తో ఈ తంతు జరగలేదు. అది మెదడులోకి పోలేదు. అంటే గొడవకు మూలం కడుపులో కాదు, తలలో ఉంది. చెవిలోని సమతూకపు భాగం చెప్పేది ఒకటి, కళ్లు చెప్పేది మరొకటి అయినప్పుడు మెదడులో ఎసిటైల్‌కోలిన్ పాత్ర పెద్దదని ఆ ఫలితం సూచించింది. ఆ వ్యాసం వ్యోమగాముల వికారాన్నీ ఇదే గాటన కట్టింది.

హైదరాబాద్‌లో మైత్రీవనం దగ్గర రాత్రి బస్సు కోసం నిలబడ్డవాళ్లు మెడికల్ షాపులో అడిగే అవోమిన్‌లోని ప్రొమెథజిన్ ముఖ్యంగా హిస్టమిన్‌ను, కొంతవరకు ఎసిటైల్‌కోలిన్‌నూ అడ్డుకుంటుంది. వికారం మొదలయ్యాక వేసుకుంటే ఫలితం అంతంతే.

ఫైసోస్టిగ్మిన్‌కు ఇప్పుడు మిగిలిన ముఖ్యమైన పని ఉమ్మెత్త వంటి విషాలకు విరుగుడు. అదే ఎంజైమును ఆపే దాని వారసుడు డోనెపెజిల్‌ను మతిమరుపు రోగులకు ఇస్తారు. రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి 10కి పెంచుతారు. తొందరపడితే పైకి తేలేది ఈ వికారమే.