జాబ్ క్యూ లైబ్రరీల విస్తరణము

వెబ్ అప్లికేషన్లయందు, వాడుకరిని వేచియుండనీయక, ఈమెయిళ్ళు పంపుట మొదలగు దీర్ఘకార్యములను వరుసలో నిలిపి నేపథ్యమున నెరవేర్చెడి లైబ్రరీకి, దాని మూలకోడును మార్చకయే క్రొత్త గుణములను చేర్చుట జాబ్ క్యూ విస్తరణము. తిరుమలయందలి వైకుంఠం క్యూ కాంప్లెక్సు యాత్రికులను కంపార్టుమెంట్లలో నిలిపి దర్శనమునకు విడుచునట్లే, ఈ లైబ్రరీయు పనులను నిలిపి క్రమముగా వర్కర్లకు, అనగా పనులను నెరవేర్చెడి ప్రక్రియలకు, విడుచును.

2009లో గిట్‌హబ్ సంస్థయందు క్రిస్ వాన్‌స్ట్రాత్ రెడిస్ అను డేటా నిల్వ ఆధారముగా నిర్మించిన రెస్క్ అను జాబ్ క్యూ లైబ్రరీ, పనికి పూర్వమును, అనంతరమును, వైఫల్యసమయమునను ప్లగిన్లు ప్రవేశించుటకు హుక్కులను, అనగా తగులుకొను తావులను, కల్పించెను. 2012లో మైక్ పెర్హమ్ వెలువరించిన సైడ్‌కిక్ లైబ్రరీ మిడిల్‌వేరును, అనగా ప్రతి పనిని చుట్టి నడచెడి కోడును, రెండు విధముల వాడును: పని వరుసలో చేరునపుడు క్లయింట్ మిడిల్‌వేరును, అమలగునపుడు సర్వర్ మిడిల్‌వేరును నడపును. ప్రతి పనికిని వేరుగ వ్రాయనక్కరలేనందున లాగింగు వంటి సర్వసామాన్యకార్యములకు మిడిల్‌వేరు పద్ధతియే ప్రశస్తతరము. విఫలమైన పనిని సైడ్‌కిక్, వేరుగ నిర్దేశింపనిచో, 25 పర్యాయముల వరకు మరల యత్నించును. సర్వర్ మిడిల్‌వేరు ప్రతియత్నమునందును తిరిగి నడచును.