ఆటలో గారడీ, గారడీలో బలం
(కోడి రామ్మూర్తి నాయుడుగారి స్మృతికి)

మన సభ్యులలో చాలామంది పిల్లలు ఇప్పుడు అమెరికాలో స్థిరపడ్డారు. అక్కడికి వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వచ్చినవారు ఒక పాత ఆట సంగతి వినే ఉంటారు. ఒక నల్లజాతి ఆటగాడు బాస్కెట్‌బాల్‌ను వేలి కొన మీద బొంగరంలా తిప్పుతాడు. ఇంకొకడు నేల మీద జారుతూ, బంతిని బెత్తెడు ఎత్తుకు మించి లేవనీయకుండా కొడుతూ, ముగ్గురు ప్రత్యర్థుల మధ్య నుంచి దూసుకుపోతాడు. మూడోవాడు రిఫరీ మీద బకెట్‌తో నీళ్ళు పోయబోతాడు. నీళ్ళనుకుని జనం పక్కకు తప్పుకుంటే, బకెట్‌లోంచి రంగు కాగితం ముక్కలు రాలుతాయి. మైదానమంతా నవ్వు! వారే హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్. ఇప్పుడు మనుమలు ఆ పాత టీవీ చిత్రాలను ఫోనులోనే తీసి చూపిస్తున్నారు.

ఆ చిత్రాలు చూసినప్పుడు మన ప్రాంతపు పెద్దలకు సహజంగా ఒక పేరు గుర్తుకు వస్తుంది. బలాన్నీ నైపుణ్యాన్నీ జనం ముందు వేడుకగా చూపి ప్రపంచ ఖ్యాతి పొందినవారు మన గడ్డ మీద వారికంటే ముందే ఉన్నారు. ఆయన వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడుగారు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బంతితో గారడీ

బాస్కెట్‌బాల్ 1891లో పుట్టిన ఆట. గ్లోబ్‌ట్రాటర్స్ జట్టు 1926లో షికాగోలో రూపుదిద్దుకుంది. ఏబ్ సేపర్‌స్టీన్ అనే వ్యాపారి దాన్ని ఊరూరా తిప్పాడు. హార్లెమ్ అన్నది న్యూయార్కులో నల్లవారుండే పేట. ఆటగాళ్ళు నల్లవారని పేరులోనే తెలియడానికి ఆ పదం తగిలించారు. నిజానికి ఆ పేటలో వారు తొలిసారి ఆడింది 1968లో మాత్రమే.

వారు మొదట నవ్వించడానికి రాలేదు, గెలవడానికి వచ్చారు. 1948లో ఆనాటి మేటి జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ను, అందులోని ఆజానుబాహువు జార్జ్ మైకన్‌తో సహా, 61-59 తేడాతో ఓడించారు. 1951లో బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో వారి ఆట చూడడానికి డెబ్భై అయిదు వేలమంది వచ్చారని లెక్క. 1936లో హిట్లర్ చూస్తుండగా నాలుగు స్వర్ణాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ ఆరోజు అదే మైదానంలో హెలికాప్టర్ నుంచి దిగి మరోసారి జనానికి కనిపించాడు.

గూస్ టేటమ్ హాస్యం, మార్కెస్ హేన్స్ బంతి పట్టు, ఆ తరువాత మెడోలార్క్ లెమన్, గుండు తలతో కర్లీ నీల్ - వీరిని టెలివిజన్ అమెరికాలో ఇంటింటికీ తీసుకువెళ్ళింది. 1970లో పిల్లల కోసం వారి బొమ్మలతో కార్టూన్ ధారావాహిక కూడా వచ్చింది. లెమన్ చిన్నతనంలో సినిమాహాలులో వేసిన వార్తాచిత్రంలో ఈ జట్టును చూసి, నేనూ అలాగే ఆడాలని సంకల్పించుకున్నాడట. ఒక ప్రదర్శన చేయగలిగిన మేలు ఇదే. చూసినవాడి మనసులో నేనూ చేయగలననే విత్తనం వేస్తుంది.

విజయనగరంలో ఆనాటి గాలి

ఇక మన గడ్డకు వద్దాం. పందొమ్మిదో శతాబ్దం చివరినాటికి విజయనగరం సాహిత్య, సంగీతాలకూ సాముకూ కూడా ఆటపట్టు. ఏ విద్య అయినా నలుగురి ముందూ నిలబడి చూపాలి, మెప్పించాలి అనే పద్ధతి ఈ ఊరిది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారినే తీసుకోండి. రెండు చేతులు, రెండు కాళ్ళు, శిరస్సు - అయిదింటితో ఏకకాలంలో అయిదు తాళాలు నడిపేవారు. ఆ ప్రజ్ఞకే పంచముఖి అని పేరు. గంభీరమైన సంగీతం మధ్యలో చమత్కారంతో జనాన్ని నవ్వించేవారు. అంతమాత్రాన ఆయన విద్వత్తును ఎవరూ శంకించలేదు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆయనే.

పండితులకు సభలు ఉన్నట్టే మల్లులకు గరిడీలు ఉండేవి. కర్రసాము, కత్తిసాము, కుస్తీ, గుంజీలు, దండేలు - పేటల కుర్రవాళ్ళు అక్కడే ఒళ్ళు వంచేవారు. రామ్మూర్తిగారు రాటుదేలింది ఆ మట్టిలోనే.

ప్రొఫెసర్ రామ్మూర్తి

ఆయన 1880ల తొలినాళ్ళలో వీరఘట్టంలో కోడి వెంకన్న నాయుడుగారికి జన్మించారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. జిల్లా ఎన్నిసార్లు మారినా, ఆ ఊరి పేరు చెప్పగానే జనం నోట వచ్చే మాట మాత్రం రామ్మూర్తిగారే.

చిన్నతనంలోనే తల్లి పోయింది. విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న పినతండ్రి ఇంట పెరిగారు. చదువుకన్నా గరిడీ మీదే ధ్యాస. పినతండ్రి దాన్ని తప్పుగా పట్టక ప్రోత్సహించారు. తరువాత మద్రాసు వెళ్ళి, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులయ్యారు. ఆ తరువాత ఆ నౌకరీ వదిలి సర్కస్ కంపెనీ పెట్టారు. నెలనెలా జీతం అందే ఉద్యోగాన్ని వదలడమంటే ఏమిటో మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు!

మన దేశంలో సర్కస్ అప్పటికి కొత్త. విష్ణుపంత్ ఛత్రే అనే మరాఠీయుడు 1880లో బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కస్ ప్రారంభించేవరకు డేరాలన్నీ తెల్లవారివే. ఆ తరువాత అదే బాటలో మన విజయనగరం యువకుడు దేశమంతా తిరిగాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంచడం, భుజాలకు కట్టిన తాళ్ళతో కారును కదలనీయకుండా ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలుపుకోవడం - ఇవీ ఆయన అంశాలు. కలకత్తా నుంచి కాశీ దాకా ఆయన ప్రొఫెసర్ రామ్మూర్తి. మనకు కలియుగ భీముడు, మల్లమార్తాండుడు. ఇండియన్ హెర్క్యులిస్ బిరుదు సాక్షాత్తు ఐదవ జార్జి చక్రవర్తే ఇచ్చారని మన ఇళ్ళలో చెప్పుకుంటారు. అంత బలశాలీ శాకాహారి. బలానికి మూలం ప్రాణాయామం, నియమం అని యువకులకు చెప్పేవారు.

అది మాయ కాదు, లెక్క

ఇటువంటి విద్యలను కొట్టిపారేసేవారు ఎప్పుడూ ఉంటారు. అందులో కిటుకు ఉంది అంటారు. ఉంది! కిటుకు లేని విద్య ఏది? ఛాతీ మీద దళసరి బల్ల వేసి దాని మీదుగా ఏనుగును నడిపిస్తే బరువు ఒకచోట కాక ఒళ్ళంతా పరుచుకుంటుంది. అది కొద్ది క్షణాల పాటే. ఆ కొద్ది క్షణాలూ ఊపిరి నింపిన పక్కటెముకలు గుమ్మటంలా నిలబడాలి. ఒక్క ఊపిరి తప్పితే ప్రాణం పోతుంది. కారును ఆపేటప్పుడు మడమలు దేనికి తన్నిపెట్టాలి, తాడు భుజం మీద ఎక్కడ పడాలి అన్నది ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని ఒంటబట్టదు.

బంతి సంగతీ అంతే. వేగంగా తిరిగే వస్తువు తన ఇరుసును అంత తొందరగా వదలదు కాబట్టి వేలి మీద బంతి నిలుస్తుంది. సూత్రం బడిపిల్లలకూ తెలుసు. నిలపమంటే నిలపగలిగేది మాత్రం వేలసార్లు బంతి జారవిడిచినవాడే. చూసేవారికి ఆ శ్రమ కనపడకుండా, నవ్వుతూ చేయడమే ఆ కళాకారుడి గొప్పతనం.

మూసిన తలుపుల ముందు

ఈ రెండు కథలలో ఇంకా లోతైన పోలిక ఒకటి ఉంది. గ్లోబ్‌ట్రాటర్స్ ఊరూరా తిరిగి నవ్వించినది సరదాకు మాత్రమే కాదు. అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగులో నల్లవారికి 1950 దాకా చోటు దొరకలేదు. కొన్ని ఊళ్ళలో చప్పట్లు కొట్టిన తెల్లవారి హోటళ్ళలోనే వారికి గది ఇచ్చేవారు కాదు. 1950లో తలుపు తెరుచుకున్నప్పుడు న్యూయార్కు జట్టు తీసుకున్న నాట్ క్లిఫ్టన్ గ్లోబ్‌ట్రాటర్స్ ఆటగాడే. నవ్వుల వెనుక ఉన్న ఆట ఎంత గట్టిదో అప్పుడు అందరికీ తెలిసింది. తెల్లవారిని నవ్వించడానికి నల్లవారు విదూషకులు కావాలా అని తరువాతి తరంలో వారి సొంతవాళ్ళే అడిగారు. ఆ ప్రశ్నలోనూ న్యాయముంది. కానీ ఇతర దారులన్నీ మూసినప్పుడు ఉన్న ఒక్క దారిలో తలెత్తుకుని నడిచినవారిని తక్కువ చేయలేము.

రామ్మూర్తిగారి కాలమూ అటువంటిదే. భారతీయులు దుర్బలులు, తమను తాము ఏలుకోలేరు అని దొరలు పుస్తకాలలో రాసుకునే రోజులవి. ఒలింపిక్స్‌కు మన దేశపు జట్టు తొలిసారి వెళ్ళింది 1920లో. అంతకుముందు మన మల్లుడు తన బలం లోకానికి చూపాలంటే సంస్థానాధీశుల కొలువైనా కావాలి, సర్కస్ డేరా అయినా కావాలి. 1905 తరువాత వందేమాతరం ఉద్యమం పుంజుకుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి యువకులను కదిలించారు. అటువంటి రోజుల్లో, దొరల కారును ఒక భారతీయుడు భుజబలంతో ఆపుతుంటే టికెట్టు కొని కూర్చున్న సామాన్యుడికి ఏమనిపించి ఉంటుందో ఊహించండి. ఉపన్యాసం చేయలేని పని ఆ ఒక్క దృశ్యం చేసింది.

చివరి రోజులు మాత్రం బాధాకరం. సంపాదన దానధర్మాలకు పోయింది. కాలి గాయం ముదిరి ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. 1942లో నేటి ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

మన ఊళ్ళ సంబరాలు

రామ్మూర్తిగారితో ఆ పరంపర ఆగిపోలేదు. గ్రామదేవతల సంబరాలలో, తీర్థాలలో కర్రసాము, పులివేషాలు చూడకుండా పెరిగినవారు మనలో ఎవరున్నారు? మన రెండు జిల్లాల సొత్తు తప్పెటగుళ్ళు. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో గిరగిర తిరుగుతూ, ఒకరి మీద ఒకరు నిలిచి గోపురం కడతారు. ఆ గోపురం మీద కూడా తాళం తప్పదు. గొర్రెలు కాచుకునే వారి కొలుపుగా మొదలైన ఈ కళ తరువాత దేశమంతా వేదికలెక్కింది.

టెలివిజన్ మన ఇళ్ళకు ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీలో 1959లో, హైదరాబాదులో 1977లో మొదలైనా, మన ఊళ్ళలో వెదురు గడకు ఏంటెనా కట్టి తిప్పుకున్నది ఎనభైలలోనే. రామాయణం వచ్చే ఆదివారం ఉదయం టీవీ ఉన్న ఇల్లే ఊరి రచ్చబండ. 1989లో దూరదర్శన్ సర్కస్ అనే ధారావాహిక వేసినప్పుడు డేరా జీవితం మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. ఆ తరువాత కేబుల్ వచ్చింది, మనుమలు విదేశీ మల్లుల బొమ్మల కార్డులు కూడబెట్టారు. తమ జిల్లా మల్లుడి పేరు మాత్రం వారిలో చాలామందికి తెలియదు.

అయితే బలం ఈ నేలను వదిలిపోలేదు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 110, 130 - మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే. రామ్మూర్తిగారి కాలంలో డేరాలో చూపవలసి వచ్చిన బలాన్ని, ఆమె ప్రపంచ పోటీ వేదిక మీద చూపగలిగింది.

మిగిలిన పని

గ్లోబ్‌ట్రాటర్స్ అదృష్టవంతులు. వారి ఆట రీళ్ళలో పదిలంగా ఉంది. లెమన్ 2015లో, కర్లీ నీల్ 2020లో చనిపోయినా, మీట నొక్కితే నవ్వుతూ కనిపిస్తారు. లండన్‌లో బి.బి.సి. టెలివిజన్ ప్రసారాలు మొదలైన 1936 నాటికే రామ్మూర్తిగారి మంచి రోజులు గడిచిపోయాయి. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరు ఉంది. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. కానీ ఆయన గొలుసు తెంచినప్పుడు డేరాలో నిశ్శబ్దం ఎలా ఉండేదో, జనం ఎలా కేకలు వేసేవారో విగ్రహం చెప్పదు. అది చూసిన తాతలు, తండ్రులు మనకు చెప్పారు. వారు వెళ్ళిపోయారు. వారి నోట విన్నవారిలో మనమే ఆఖరివాళ్ళం.

అందుచేత పెద్దలకు ఒక మనవి. మీ ఇంట రామ్మూర్తిగారి గురించి, మీ ఊరి గరిడీ గురించి, తప్పెటగుళ్ళ గురువుల గురించి విన్నది విన్నట్టు ఒక కాగితం మీద రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో జరిగిందో కూడా రాయండి. ఇన్నేళ్ళు ఆఫీసులో ఫైళ్ళు జాగ్రత్త చేసిన చేతులు మనవి. ఈ ఒక్క ఫైలు తెరిచి మనుమల చేతికి అందిస్తే, వారు ఈసారి ఫోనులో బంతి గారడీ చూపించినప్పుడు మనం కూడా చూపించడానికి ఒకటి ఉంటుంది.