అవధానసభ రక్తికట్టుటయు, రసాభాసమగుటయు

అవధానవిద్యను గూర్చి మనవారు వ్రాసిన గ్రంథములకును, వ్యాసములకును కొఱత లేదు. కాని వానిలో నూటికి తొంబదిపాళ్లు అవధాని ధారణను, ధారను, ధైర్యమును ప్రశంసించుటతోనే ముగియుచున్నవి. అవధాని ఒక్కడే సభను నడిపినట్లును, తక్కిన యెనమండుగురు ఆయన ప్రతిభను వెలార్చుటకై కూర్చుండబెట్టబడిన బొమ్మలైనట్లును ఆ వ్రాతలను చదువువారికి తోచును. సభలకు పోయిన వారి యనుభవము వేఱు. ఒకే అవధాని నేడు ఒక యూర చేసిన అష్టావధానమునకు జనులు రాత్రి ప్రొద్దుపోవువఱకు కదలక కూర్చుందురు. రేపు మఱియొక యూర ధారణ మొదలుపెట్టునప్పటికే సగము కుర్చీలు ఖాళీయగును. అవధాని శక్తి ఒక్కరాత్రిలో తఱిగిపోదు గదా! తేడా ప్రశ్నలో నున్నదని నా యభిప్రాయము. అవధానచరిత్ర నీ దృష్టితో చూచినచో నది కొంతవఱకు పృచ్ఛకుల చరిత్రయే యగును.

ప్రాచీనకాలమున ఈ విద్యకు గల యాధారములు కవుల స్వప్రశంసలలో దొరకుచున్నవి. ఏకకాలమున నూఱుగురు లేఖకులకు పద్యములు చెప్పగల నేర్పు తనకు గలదని వసుచరిత్రకర్తయైన రామరాజభూషణుడు చెప్పుకొనెను. అచ్చట కవి వేగమును, ఏకాగ్రతయు ముఖ్యములు. లేఖకుడు వ్రాసికొనువాడే కాని అడుగువాడు కాడు. ఎదుటివాని యుక్తికి లొంగక, వాని నిర్బంధమునకు కట్టుబడి పద్యము చెప్పవలసిన నేటి యవధానమునకును, ఆ శతలేఖినికిని గల భేదమును మన చరిత్రకారులు తగినంతగా పాటింపలేదు. లేఖకుని స్థానమున పృచ్ఛకుడు ప్రవేశించిననాడే అవధానము సభ్యులకు చూడదగిన వస్తువైనది. ఈ రూపము 19వ శతాబ్ది యుత్తరార్ధమున మాడభూషి వేంకటాచార్యుల వంటివారి సభలలో కుదురుకొని, తిరుపతి వేంకట కవుల పర్యటనలతో ఆంధ్రదేశమంతట వ్యాపించినది.

దివాకర్ల తిరుపతిశాస్త్రియు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి మున్నగు సంస్థానములలో ఎదుర్కొన్న పృచ్ఛకులు ఆస్థానపండితులు. బయటినుండి వచ్చిన కవి నెగ్గినచో స్థానిక పండితుని పరువునకు కొంత లోటు. ఓడినచో ఆహ్వానించిన ప్రభువునకు చిన్నతనము. కావున ప్రశ్నలు మిక్కిలి పదునుగా నుండెడివి. ఆ పదునే సభకు ప్రాణము, ఒక్కొక్కచో ముప్పు కూడ. ఒక ప్రయోగము సాధువా, అసాధువా యన్న వివాదము పుట్టినచో వ్యాకరణ సూత్రములు బయటికి వచ్చును, పద్యము నిలిచిపోవును, ప్రభువు ఆవులించును. వేంకటశాస్త్రిగారి 'కథలు గాథలు' చదివినవారికి ఆనాటి సభల వాదప్రతివాదముల రుచి తెలియును. తరువాత కొప్పరపు సోదరకవులు ఆశుకవితావేగముచే ప్రసిద్ధులు కాగా, ఉభయపక్షముల నడుమ జరిగిన వివాదములు పద్యములకును, పత్రికలకును ఎక్కినవి. పక్షపాతి పృచ్ఛకుడైనచో పూరణము బాగున్నను తల యూపడు; చెడినను లోపము పట్టడు. రెండును సభకు హానికరములే.

1948 నాటి మదరాసు ఎస్టేట్ల రద్దు చట్టముతోను, 1949లో హైదరాబాదు రాజ్యమున జరిగిన జాగీర్ల రద్దుతోను పాత పోషణ ముగిసినది. అవధానము పాఠశాలల యావరణలలోనికి, దేవాలయ మండపములలోనికి, పురపాలక భవనములలోనికి పూర్తిగా వచ్చినది. శ్రోతలలో పండితులు తగ్గి ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వర్తకులు, విద్యార్థులు పెరిగిరి. వీరికి ఛందస్సు కొంత తెలియును, కొంత తెలియదు. కాని కవి చిక్కులో పడెనా లేదా యన్నది వీరికి తప్పక తెలియును. కనుక ఆ చిక్కు శ్రోతకు కూడ కనబడునట్లు ప్రశ్న వేయుట పృచ్ఛకుని ధర్మమైనది.

దత్తపదిని చూడుడు. కారు, లారీ, మైకు, మీటరు అను నాలుగు మాటలిచ్చి కురుక్షేత్ర యుద్ధమును వర్ణింపుమని యడిగినామనుకొందము. వినగానే సభ నవ్వును. భారతయుద్ధమున లారీ యెక్కడిది? కాని తెలుగున 'కారు' క్రియాపదము. 'వీరు సామాన్యులు కారు' అనవచ్చును. 'వీరులార' పైని 'ఈ' చేరగా 'వీరులారీ రణమున' అని లారీ వచ్చి కూర్చుండును. 'కడిమిమై కురుపతి' యన్నచో మైకు దొరకును. యుద్ధవేళ ఎవ్వరును వీణ 'మీటరు' గదా! ఆంగ్లపదము కనులయెదుట కరగి తెలుగైపోవుట శ్రోతకు కలుగు ఆనందమునకు మూలము. పృచ్ఛకుడీ మాటలను ఏరునప్పుడే వానికి తెలుగులో ఎక్కడనో చోటున్నదని గ్రహించి యుండవలయును. ఎట్లు విఱిచినను తెలుగులో ఇముడని నాలుగు మాటలను తెచ్చి పడవేయుట కష్టమైన ప్రశ్న కాదు, చెడ్డ ప్రశ్న. ఈ భేదమెఱుగని పృచ్ఛకులు నేడును కలరు.

నిషిద్ధాక్షరి యింకను రక్తికట్టునది. శ్రీరాముని గూర్చి పద్యమడిగినారు. అవధాని 'రా' అనెను. పృచ్ఛకుడు వెంటనే 'మ'కారమును నిషేధించెను. సభలో ప్రతివాడును తరువాతి యక్షరము నూహించును. 'ఘ' అని రాఘవుని వైపు పోవచ్చునా? పోయినచో ఆ పిమ్మట 'వ' నిషేధింపబడును, దారి మూసికొనిపోవును. ఇది తెలిసిన అవధాని 'జ' అనును. రాజతనయుడు, రాజశేఖరుడు, రాజపుత్రుడు అని త్రోవలు పెక్కులుండును. చదరంగపు బల్లను చూచినట్లు సామాన్యుడును ఈ పోరును చూడగలడు. పృచ్ఛకుడు నిదానించి, అలవాటుగా ఏదో యొక యక్షరమును చెప్పుచు పోయినచో నీ యంశమంత చప్పనిది మఱియొకటి లేదు.

సమస్యాపూరణమున ప్రమాదము వేఱు విధమైనది. ప్రసిద్ధమై, పలుమాఱు ముద్రితమైన సమస్యను మరల నిచ్చినచో అవధాని పూరించెనా, జ్ఞప్తికి తెచ్చుకొనెనా యన్న సందేహము తెలిసినవారికి కలుగును. అవధాని నిర్దోషియైనను ఆ సందేహమే రసమును చంపును. అసభ్యార్థము వచ్చు పాదమునిచ్చి నవ్వు పుట్టింపజూచువారు ఒకమాఱు నవ్వింతురు. రెండవమాఱు స్త్రీలును, పెద్దలును లేచిపోవుదురు. ఇక ప్రశ్నకు ముందు పావుగంట యుపన్యసించు పృచ్ఛకుని గూర్చి చెప్పనక్కఱ లేదు. (అధ్యక్షుల తొలిపలుకులను ఈ పట్టికలో చేర్చుట మర్యాద కాదని విడిచితిని.)

అప్రస్తుతప్రసంగి పదవి అందఱికన్న కష్టమైనది. అవధాని మనస్సున నాలుగు పద్యములు సగము సగము నిలిచియుండగా, గంటలు లెక్కింపవలసి యుండగా, ఈయన లోకాభిరామాయణము మొదలుపెట్టి దృష్టిని మఱల్చవలెను. దానికి అప్పటికప్పుడు పుట్టిన మాట కావలెను. వర్ణన పృచ్ఛకుడు వెన్నెలను వర్ణింపుమన్న క్షణమున సభలో దీపము లాఱిపోయినచో, దానిని పట్టుకొని యడిగిన ప్రశ్న వంద సిద్ధప్రశ్నల పెట్టు. ఇంటివద్ద కాగితముపై వ్రాసికొని వచ్చిన చతురోక్తులను వరుసగా చదువు అప్రస్తుతప్రసంగి తన పేరును మాత్రము సార్థకము చేసికొనును.

ఇతర దేశముల ప్రశ్నోత్తర వినోదములతో పోల్చి చూచిన నీ విషయము మఱింత స్పష్టమగును. ఇంగ్లండున పబ్బులలో జరుగు క్విజ్ రాత్రులు 1970 దశకమున బర్న్స్ అండ్ పోర్టర్ అను సంస్థ పూనికతో విశేషముగ వ్యాపించినవి. అచ్చట మిత్రులు జట్లుగా కూడి, తినుచు త్రాగుచు, అడిగినదానికి కాగితముపై సమాధానము వ్రాయుదురు. ఆ రాత్రి బాగుండుటకును ప్రశ్నలు కూర్చువాడే ముఖ్యుడు: ఎవ్వరికిని తెలియనిది అడిగినచో బల్లలన్నియు మూగబోవును, అందఱికిని తెలిసినది అడిగినచో పోటీ యుండదు, నాలుక చివర నుండి జాఱునట్టి ప్రశ్న జట్టునంతను తలలు దగ్గఱ చేర్చి మాటలాడించును. నిర్వాహకుని సమాధానమే తప్పైనచో తగవు తప్పదు. ఇంతవఱకు మన సభతో పోలిక గలదు. కాని అచ్చటి సమాధానము ముందే నిర్వాహకుని చేతనున్నది. అవధానమున సమాధానము పృచ్ఛకునికి కూడ తెలియదు. పద్యము పుట్టువఱకు అది లోకముననే లేదు. కావున మన పృచ్ఛకుడు పరీక్షకుడే కాక మొదటి శ్రోత కూడ నగుచున్నాడు. మంచి పూరణమునకు అతని ముఖమున వికసించిన యాశ్చర్యమును చూచియే వెనుకవరుసలవారు చప్పట్లు కొట్టుదురు.

శతావధాన సహస్రావధానములలో నీ లెక్క మాఱును. 1996లో కాకినాడలో గరికిపాటి నరసింహారావుగారు చేసిన మహాసహస్రావధానము వంటివి దినములకొలది సాగును. ఏ యొక్క శ్రోతయు ఆద్యంతము వినజాలడు. అచ్చట ఒక్కొక్క ప్రశ్న రుచికంటె కడపటి ధారణకై వేచియుండుటయే ప్రధాన వినోదము. ఒక్క పాదమునొద్ద అవధాని క్షణకాలము తటపటాయించినచో సభ యంతయు ఊపిరి బిగపట్టును.

పరిశోధక విద్యార్థులకొక మాట. ముద్రితములైన అవధానపద్య సంపుటములలో పెక్కింట విషయము, పద్యము మాత్రమే కలవు. అడిగినవారెవరు, ఏ క్రమమున అడిగిరి, మొదటి యావృత్తిలో చెప్పిన పాదమునకును రెండవదానికిని నడుమ ఏమి జరిగినది, ఎచ్చట సభ నవ్వినది, ఎచ్చట విసిగినది అను విషయములు లేవు. రసాభాసమైన సభలు అసలే అచ్చుకెక్కలేదు. గెలిచిన సభలనే మనము చదువుచున్నాము. ఇటీవలి యవధానములు, అమెరికాలోని తెలుగు సంఘముల సభలలో జరిగినవానితో సహా, దృశ్యరూపమున పదిలపఱుపబడుచున్నవి. వానినుండి పృచ్ఛకుల ప్రశ్నలను అక్షరశః వ్రాసి, అవధాని ఎంత విరామము తీసికొనెనో గుర్తించి, ప్రాత సంపుటములలోని సమస్యలతో సరిచూచు పని యొక్కటియైనను మన శాఖలలో జరుగవలయును. సంస్థాన సభలను స్వయముగ చూచినవారు నేడు మిక్కిలి అరుదు. వారి కుటుంబములయొద్ద దాగియున్న లేఖలును, ఆహ్వానపత్రములును ఇంకను కొన్ని దొరకవచ్చును.